నల్లరాయి

తొలకరి పడిన మూడోనాడు
జొన్నగిరి చేన్లల్లో అందరం తలలు వంచుకొని నడుస్తాం.
దేవుని ముందర గూడ అంతసేపు వంచం.

వాన కడిగిన ప్రతి మెరుపునూ
నాలుక మీద పెట్టి చూసేవాళ్లున్నారు.
మా ఉరుకుందక్క మటుకు చేత్తోనే చెప్తుంది:
గాజుపెంకు, పలుగురాయి, గాజుపెంకు, ఏం లేదు.

ఆ పొద్దు ఆమె కాలికి తగిలింది
నిమ్మకాయంత రాయి.
మాడిన రొట్టె పెచ్చు మాదిరి పైన పొర,
ఎవరో బొటనవేలితో అదిమిన గుంతలు,
సైజుకు మించిన బరువు.

ఏజెంటు భూతద్దం కూడా తీయలేదు.
"కొలిమి చిట్టెం అక్కా, పారెయ్."

పారెయ్యలేదు.
గుడారం పట్ట గాలికి లేవకుండా
రెండు నెలలు దాన్నే బరువు పెట్టుకుంది.

మద్దిలేటి సారు కర్నూలు కాలేజీలో రాళ్ల పాఠం చెప్తాడు.
బస్సు తప్పిపోయి మా గుడారంలో టీ తాగుతూ
దాన్ని చూసి గ్లాసు కింద పెట్టాడు.
దారానికి కట్టిన అయస్కాంతం
పచ్చ చూసిన మేక మాదిరి
రాయి దిక్కు లాగింది.

కోసిన ముక్కలో
సగ్గుబియ్యం ఉడికినట్టు గుండ్లు గుండ్లు.
ఒకప్పుడు నిప్పు చినుకులంట అవి,
గాలే లేని చోట గడ్డకట్టినాయంట,
నాలుగు వందల యాభై ఆరు కోట్ల ఏండ్ల కింద.

"అంటే నేల కంటే పెద్దదా?"
"నేలకు అక్క వరస."

నేల ఎట్ల పుట్టిందో నేలనడిగితే చెప్పదు.
కరిగి, కుమిలి, తన చిన్నతనమంతా తానే మింగేసింది.
ఈ రాయి కరగలేదు,
కాబట్టి మరవలేదు.
అందుకే దాన్ని వెంట్రుకంత పలచగా అరగదీసి
వెలుగుకు అడ్డం పట్టి చదువుతారు:
ఎంత వేడి, ఏమైనా తడి తగిలిందా, ఎప్పుడు.

పోతా పోతా సారు ఇంకో మాటన్నాడు.
ఇట్లాంటి కొన్ని రాళ్లల్లో వజ్రాలుంటాయంట.

గుడారం మూగబోయింది.
ఏజెంటు ముందుకు జరిగాడు.

వెంట్రుక మందంలో ముప్పైవేలు పట్టేంత సన్నవి.
కొన్నయితే సూర్యుడు పుట్టకముందువి,
ఏదో చుక్క చస్తా చస్తా ఊదిన మసి.

ఉరుకుందక్క వేళ్లు మడిచి లెక్క పెట్టబోయి
నవ్వు ఆపుకోలేక కండ్లు తుడుచుకుంది.
"క్యారెట్టుకు ఎన్ని సారూ?"

సగం ఆయన తీసుకుపోయాడు, రసీదు రాసిచ్చి.
సగం మళ్లీ పట్ట మీదే ఉంది.

ఇప్పుడు మా చేన్లల్లో పిల్లోళ్లు
దారానికి అయస్కాంతం కట్టి తిరుగుతాండారు:
చిట్టెం, బోల్టు, చిట్టెం, ఎద్దు నాడా.