మూడో రాయి

పైనుంచి పడే చప్పుడుని బట్టి
ఏ అంతస్తో చెప్పగలను.

ఒకటి అనేలోపు దబ్బుమంటే ఓపీ,
టీ కప్పులు, చీటీల ఉండలు.
నాలుగు దాకా ఆగి మెత్తగా వాలితే కాన్పుల వార్డు.
ఆరు అన్నాక గొట్టం మొత్తం ఒక్కసారి దగ్గిందంటే
ఏసీ గదుల వాళ్ళ కొబ్బరి బోండాం.
వేయొద్దని గోడ మీద రాసుంది.
ఆ గోడకే ఆనుకుని తాగి, అందులోనే వేస్తారు.

కొత్తపేటలో ఈ ఆసుపత్రి కింద, సెల్లారులో,
జనరేటర్ పక్కన నా కొలువు.
పేరు దీవెనమ్మ. బ్యాడ్జీ మీద దీవెన,
మిగతాది పట్టలేదంట.

పసుపు సంచి ఇందులోంచి రాకూడదు. ఎర్రది రాకూడదు.
వస్తాయి.
ఒకసారి సూది కూడా వచ్చింది, నా బొటనవేలిని వెతుక్కుంటూ.
ఆర్నెల్లు రక్త పరీక్షలు.
ఏమీ లేదన్న కాగితాన్ని
ఇంటి పట్టా పక్కన దాచుకున్నా.

నాగుల్ మీరా గారు ఫైరాఫీసులో రిటైరై ఇక్కడ చేరాడు.
తెల్లవారుజాము నమాజు కాగానే ఆరు మూతలూ తట్టి చూస్తాడు.
వదిలేస్తే దానంతటది మూసుకోవాలి.
నాలుగో అంతస్తులో మాత్రం ఎప్పుడూ ఇటుక అడ్డం.
మాటిమాటికీ తెరవాలంటే చెయ్యి నొప్పంట.
ఆయన తీసేస్తాడు. మధ్యాహ్నానికి మళ్ళీ ఉంటుంది.
"ఇది చెత్తగొట్టం కాదమ్మా, పొగగొట్టం"
అంటాడు నాతో,
ఇటుక పెట్టినవాళ్ళతో అనలేక.

ఆ రాత్రి చాలాసేపు ఏమీ పడలేదు.
లెక్క మొదలుపెట్టి నలభై దాకా వెళ్ళాను.
ఎక్కడో దిండు ఇరుక్కుందనుకున్నా.
తర్వాత వాసన.

మా అమ్మ యార్డు దగ్గర మిరప తొడాలు తీసేది.
కాయ కాలితే ఊరంతా దగ్గుతుంది, దాచలేరు.
దూది అలా కాదు.
దూది దొంగలా కాలుతుంది.

"కింద తలుపు తియ్యబాకు"
ఫోన్లో ఆయన అరుపు,
"ఏం జరిగినా తియ్యబాకు,
అది గాలి కోసం చూస్తంది."
నాకు చేతనైంది ఊడ్చడం, ఎత్తడం, కడగడం.
ఏమీ చెయ్యకుండా నిలబడ్డం ఆ రాత్రే నేర్చుకున్నా,
రేకు తలుపు నా మొహాన వేడి ఊదుతుంటే.

పైన ఆయన. మెట్లు. అరవై రెండేళ్ళ మోకాళ్ళు.
మూతలు ఒక్కోటి కొట్టి చూస్తున్న చప్పుడు
గొట్టంలోంచి దిగుతోంది
ఒకటి
రెండు
మూడు
నాలుగు దగ్గర ఆగింది.

ఎంతసేపో తెలీదు.
ఇటుక నేల మీద పడ్డ చప్పుడు.
మూత.
ఆపైన రెండు.

తర్వాత మిద్దె మీంచి నీళ్ళు వదిలారు.
తలుపు సందులోంచి నల్లగా వచ్చి
నా చెప్పుల్ని ఎత్తుకెళ్ళాయి.
ఏది అంటుకుందో తేలలేదు.
సిగరెట్టన్నారు. అగరొత్తన్నారు.
ఎవరిదైనా, ఎవరిదీ కాదన్నారు.

తెల్లారి కాన్పుల వార్డు నుంచి కంప్లయింటు వచ్చింది,
రాత్రి ఎవరో మూతలు దబదబ బాది
బాలింతల్ని, పసిబిడ్డల్ని లేపేశారని.
ఆయన కింద "నిజమే" అని రాసి
సంతకం పెట్టాడు.

ఇటుకని నేను చీపుళ్ళ సంచిలో వేసుకుని
సంగడిగుంట తెచ్చుకున్నా.
పెరట్లో నీళ్ళపొయ్యికి మూడో రాయి ఎప్పుడూ ఊగేది.
ఇప్పుడు ఊగట్లేదు.

రోజూ పొద్దున్నే దాని మీదే డేగిసా ఎక్కిస్తాను.
ఒక మూలన కొంచెం నలుపు.
అది మా పొయ్యిది కాదు.