కాయ కాచిన వేలు

లాకుల మీద ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసిన వేలు ఇది.
లాప్‌టాప్ దీన్ని గుర్తుపట్టలేదు.

నున్నటి ఆ పలక మీద రాశాను, రుద్దాను,
తువ్వాలుకి తుడుచుకుని మళ్ళీ రుద్దాను.
బాణం కదల్లేదు.
వర్క్ ఇన్‌స్పెక్టరు వీరవేణి తన వేలు పెట్టింది,
చేపపిల్లలా జారింది.
నా వేలు పట్టుకుని, తిప్పి చూసి,
"మీకు చర్మం లేదు బాబాయ్ గారూ, అంతా కాయే" అంది.

అబద్ధమేం కాదు.
తలుపు ఒక్క అంగుళం లేవాలంటే
చక్రం ఇరవై రెండు చుట్లు.
అమలాపురం కాలవకి ఇన్ని, ముక్తేశ్వరం కాలవకి ఇన్ని,
శివారు చేలవాళ్ళు సైకిళ్ళేసుకొచ్చి తిట్టిన రాత్రి
ఇంకొన్ని.
ఆ తిట్లు కూడా ఈ వేళ్ళలోనే
ఎక్కడో గట్టిపడి ఉంటాయి.

ఇదివరకు గేజీ చదివి రిజిస్టర్లో రాసేవాణ్ణి,
వాన జల్లు కొడితే అంకెలు అలుక్కుపోయేవి,
ఎవరూ అడిగేవారు కాదు.
ఇప్పుడు పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ
గడి నింపాలి.
నింపకపోతే ఎర్రబడుతుంది,
ఏఈ గారి మొహంలాగే.

అందుకని రావులపాలెం వెళ్ళి మౌసు తెచ్చిపెట్టింది వీరవేణి.
ఆరు వందల ఇరవై. తాడు లేనిది.
తాడు లేకుండా ఎలాగమ్మా?
బల్లకట్టుక్కూడా ఈ గట్టు నుంచి ఆ గట్టుకి తాడుంటుంది,
అది పట్టుకు లాగితేనే గదా జనం దాటేది.

బ్యాటరీ వేశాను. అడుగున మీట జరిపితే
ఎర్రగా వెలిగింది.
బాణం మాత్రం ఉన్నచోటే.
ఫోను చేస్తే, వాడపల్లి దాటి బండి ఆపుకుని చెప్పింది:
"చిన్న ముక్క ఉంటుంది, గోరంత. లాప్‌టాప్ పక్కన గుచ్చండి."

గోరంత ముక్క.
అట్టపెట్టె చింపాను.
ఏ భాషో తెలియని కాగితం మడతలన్నీ విప్పాను.
గది ఊడ్చాను. గ్రీజు ముద్దలు, అగ్గిపుల్లలు,
పోయిందనుకున్న తాళంచెవి ఒకటి.
మెట్ల దగ్గర గేదెల్ని కడుగుతున్న భద్రాన్ని అడిగితే
వాడు నీళ్ళలోకి చూశాడు.
ఏది పోయినా నీళ్ళలోకి చూడటం ఇక్కడివాళ్ళ అలవాటు.

ఏడయింది. గడి ఎర్రబడింది.

తర్వాత కరెంటు పోయింది.
ఏం తోచక దాన్ని గుప్పిట్లో పెట్టుకు కూర్చున్నాను.
చెవి దగ్గర ఊపాను, అలవాటుకొద్దీ,
కురిడీకాయని ఊపినట్టు.
టిక్కుమంది.
మళ్ళీ ఊపాను.
టిక్కు.

టార్చి పళ్ళతో పట్టుకుని మూత తీశాను.
బ్యాటరీ పక్కన, దాని కడుపులోనే,
చిన్న అరలో ముడుచుకుని పడుకుంది.
బ్యాటరీ వేసేటప్పుడు నా బొటనవేలే
దాన్ని కప్పేసి ఉంటుంది.

గుచ్చాను.
బాణం ఓసారి వణికి, ఆగిపోయింది.
బల్ల మీద అద్దం, అద్దం కింద కాలవల పటం.
అద్దం మీద దీనికి కళ్ళు కనపడవట, అది వీరవేణి తర్వాత చెప్పింది.
నేను మాత్రం అట్ట ఊడిన పాత రిజిస్టరు తెచ్చి
కింద వేశాను, ఎత్తుకోసమని.
పరిగెత్తింది.

అప్పుడు చూశాను:
నడిమధ్యన చక్రం!
మినపగింజంత చక్రం, పళ్ళు కూడా ఉన్నాయి.
వేలు పెట్టి తిప్పితే కాయే అడ్డం రాలేదు.
ఒకటి, రెండు, మూడు అని
నోరు దానంతటదే లెక్కపెట్టింది.
ఇరవై రెండు దగ్గర ఆగి చూస్తే
పేజీ ఎక్కడికో వెళ్ళిపోయింది,
పోయిన నెల నీళ్ళ దగ్గరికి.
నెమ్మదిగా వెనక్కి దించుకొచ్చాను.

ఆరు పాయింట్ నాలుగు.
గడి పసుపుపచ్చ అయింది: ఆలస్యంగా నమోదు.
అవనీ. తలుపు కింద నీళ్ళు వేళకే వెళ్ళాయి.

పొద్దున్నే వచ్చిన వీరవేణి
బల్ల దగ్గర ఆగి, వంగి చూసి,
కుర్చీ పట్టుకుని నవ్వింది.
మౌసుకి పురికొస కట్టాను నేను,
రెండో కొస బల్ల కాలికి.

ఏం చెయ్యను,
కిటికీ అవతల అంతా నీళ్ళే.