నీడకి కొలతలు

గుంపమ్మ దగ్గర ఆ రోజు పది రూపాయలు లేవు.
సంత ముగించుకుని కొండెక్కే ముందు
చిరిగిన గోనెసంచి నా మిషను మీద పడేసి
పట్టీ వేయించుకుంది.
కొంగుముడి విప్పితే డబ్బులకి బదులు
మట్టి అంటిన దుంప,
దాని వేళ్లకి వేలాడుతూ
కోడి కడుపులోని పచ్చిగుడ్లలా
చిన్నాపెద్దా ఉండలు.

"కొండకలువమ్మా ఇది.
ఎండ సూపించకు.
సలికాలం మాయమైపోతాది,
సచ్చిపోనాదనుకోని తవ్వీయకు."

పాతపట్నంలో మా పెరడు పనసచెట్టుది.
మేమే దాని కింద అద్దెకున్నట్టుండేవాళ్లం.
బంతి నాటితే కాడ సాగి వెలుతురు వెతుక్కుంది తప్ప
పువ్వు పెట్టలేదు.
తులసికోట ఎప్పుడో వీధివైపు మారిపోయింది.
ఆ నల్లటి తేమలో, కుళ్లిన పనసాకుల కింద
దుంపని పడుకోబెట్టి
పెళ్లిళ్ల జాకెట్ల హడావుడిలో
దాని ఊసే మరిచిపోయాను.

తొలకరికి నాలుగు ఆకులు.
పైన వెండిచారలు, కింద వంకాయరంగు,
లైనింగు తప్పు వేసి కుట్టిన జాకెట్టులా.
పువ్వు లేదు. అడగలేదు కూడా నేను.

ఆ ఆకులింకా పండకముందే
దసరా మొదలైన మర్నాడు
సీతాకోకచిలుక పేరు పెట్టుకుని తుఫాను దిగింది.
తెల్లారి తలుపు తీస్తే
పెరట్లో ఎన్నడూ చూడనంత ఆకాశం.
పనస ప్రహరీ మీద పడుకుని ఉంది,
వేళ్లలో ఇంకా మట్టి పట్టుకుని.

కలప అమ్మితే వంటింటి మీదకి రేకులొచ్చాయి.
మా అత్త మురిసిపోయింది,
"ఇన్నాళ్లకి మిరపకాయలు ఎండెట్టుకోడానికి చోటొచ్చినాది."
ఆవిడ సంతోషాన్ని కాదనలేను.
చాప పరిచిన చోటుకి రెండడుగుల దూరంలో
మట్టి బీటలిస్తోందని
ఎలా చెప్పను?

మాఘమాసంలో ఒక రాత్రి
కత్తిరించి పారేయాల్సిన పేలికలన్నీ ముందేసుకున్నాను.
గొల్లవీధి పెళ్లికూతురి పచ్చ, స్కూలు యూనిఫారాల నీలం,
ఎవరో కొలతలిచ్చి మళ్లీ రాని ఎర్ర పువ్వుల వాయిలు.
అతుకు మీద అతుకు.
నాలుగు వెదురు గెడలు పాతి కట్టేసరికి
మూరెడు నేలకి మూడు మూరల గొడుగు.

గోడ పడ్డచోట నుంచి దారినపోయే ప్రతివాళ్లూ తొంగిచూశారు.
"పందిరా? ఎవరికే పెళ్లి?"
"ఎవరికీ కాదు."
"మరి లోపల ఏటున్నాది?"
"ఏటీ నేదు."
నిజమే. ఉత్త మన్ను.
మిషను మేడం బుర్ర తిరిగిందని
నూతి దగ్గర అనుకున్నారట.
నాకే రెండుసార్లు అనుమానమొచ్చి
గడ్డపార చేతిలోకి తీసుకున్నాను.
తవ్వీయకు, అన్న మాట
దారంలా మణికట్టుకి చుట్టుకుంది.

చైత్రం చివర, మిరపకాయలు గలగలమనే ఎండలో,
ఆకు లేదు, కాడ లేదు,
నేల చీల్చుకుని సూటిగా పువ్వే వచ్చింది.
తెల్లరేకలు, మధ్యలో
ఉతికి ఉతికి వెలిసిన ఊదా.
మొహం మట్టికి ఆనిస్తే తప్ప అందని వాసన.
మా అత్త మోకాళ్ల మీద వంగి చాలాసేపు లేవలేదు.
లేచాక చాప ఇంకాస్త అవతలికి జరిపింది.
సాయంత్రానికి పువ్వు వడిలిపోయింది.
మర్నాడు పక్కనే ఇంకొకటి.

రెండేళ్లకి గాని గుంపమ్మ మళ్లీ నా కొట్టు మెట్టెక్కలేదు.
చేతిలో సంచీ లేదు, కొంగులో ముడీ లేదు.
"తుఫానుకి మా సెట్లూ పోనాయమ్మా.
ఇప్పుడన్నీ కొత్త జీడిమొక్కలే, మోకాలెత్తు.
కింద కలువలన్నీ మాడిపోనాయి.
నీ కాడున్నాదా?"

తవ్వాను. మొదటిసారి.
ఒక్క దుంప ఇరవై అయి ఉంది.
సగం పైనే ఆవిడ ఒడిలో పోశాను.
డబ్బు తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

ఆవిడ చూపు మాత్రం దుంపల మీద లేదు,
పేలికల పందిరి మీద ఉంది.

నేను టేపు మెడలోంచి తీసి,
"ఎంత కావాలి?" అన్నాను.
గుంపమ్మ మొదట రెండు చేతులూ చాపింది.
సరిపోలేదనిపించిందేమో,
వీధిలోకి దిగి
అడుగులు వేయడం మొదలుపెట్టింది.