జీరంగి కాదు

సైదాబీ మనవడితో కబురంపింది:
"నీ మంచం రాత్రిళ్ళు ఏదో నములుతోంది,
ఓసారి వచ్చి చూడు పోతులూరయ్యా."

పదకొండేళ్ళ కిందటి మంచం.
ఏటుకూరు రోడ్డు అడితిలో
ఏ దేశం నుంచో మిషను మోసుకొచ్చిన పెట్టెల్ని
కేజీల లెక్కన కొని, మేకులు పీకి,
చిత్రిక పట్టి చేసింది.
టేకు కొనే ఇల్లు కాదు వాళ్ళది,
టేకు నిల్వ చేసే స్తోమతు నాకూ లేదు.
పైను చెక్క. తెల్లగా, తేలిగ్గా, టర్పెంటు వాసనేస్తూ
ఉలి పెడితే జున్నులా తెగేది.
ఒక పలక మీద కాల్చి వేసిన ముద్ర ఉంది.
చదవడం రాదు,
అందంగా ఉందని తలాపు వైపు పెట్టాను.

వెళ్ళి చెవి ఆనించాను.
యార్డు వైపు నుంచి మిర్చి ఘాటు.
తుమ్మితే లోపలున్నది ఆగిపోతుందని
ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.
ఏమీ వినపడలేదు.

మూడో రోజు పొద్దున కోడు మీద చిల్లు.
ఒక వైపు తిన్నగా, ఒక వైపు వంపుగా,
గోరు కత్తిరించి పారేసినంత సగం చందమామ.
నా బరమాతో అలాంటిది రాదు.
ఏ బరమాకైనా గుండ్రమే తెలుసు.
దుప్పటి మీద కూర్చునుంది అది:
పచ్చది. కాదు, కదిలితే రాగి.
కాదు, నీడలో నెమలి మెడ.

"జీరంగి!" అని అరిచాడు ఖుద్దూసు.
అగ్గిపుల్లలు నాయనమ్మ ఒళ్ళో పోసి
పెట్టెలో దాన్ని పెట్టి
నల్లపాడు రైలు కట్ట మీంచి తుమ్మాకు తెచ్చాడు.
గుడ్లు పెడుతుందని కాచుకున్నాడు.
నేనూ కాచుకున్నవాణ్ణే, యాభై ఏళ్ళ కిందట,
మెడకి దారం కట్టి గిర్రున తిప్పి.
ఇది ఆకు ముట్టలేదు.
మన తుమ్మ దానికి అన్నం కాదు.

లాం ఫారంలో పనిచేసే పిల్ల వచ్చింది.
పేరు సువార్త. తెచ్చింది మాత్రం అది కాదు.
భూతద్దం పెట్టి చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత చెప్పింది.
వీటిలో పదిహేను వేల రకాలట.
నువ్వుగింజంతవి, బొటనవేలంతవి,
ఒకప్పుడు రెక్కలు కోసి చీరంచులకు కుట్టించుకున్నవి,
అడవి తగలబడుతుంటే జంతువులన్నీ ఇటు పరిగెడితే
అటే ఎగిరి
పొగ ఆరని మానులో గుడ్లు పెట్టేవి.
చాలా వాటికి చచ్చే చెట్టు చాలు.
పుట్టిన చోట చెట్టుకీ పురుక్కీ పాత తగాదా, పాత రాజీ.
ఓడెక్కి దిగిన చోట
చెట్టుకి ఆ తగాదా తెలీదు.
బెరడు కింద మెలికలు తిరిగి తిరిగి
సారం పారే దారి తెంపేస్తాయట.
ఎక్కడో వీధులకు వీధులే
చెట్లు నిలబడి చచ్చిపోయాయట.

ఎండు చెక్కలో పిల్లపురుగు ఒక్కోసారి
పదేళ్ళు, ఇరవై ఏళ్ళు ఉండిపోతుందట,
తిండిలో సారం లేక, పెరగలేక,
చావనూ లేక.

ముద్ర చూపించాను.
"కాగబెట్టిన చెక్కకి వేసే ముద్ర ఇది.
ఎవరో కాగబెట్టకుండానే కొట్టారు."
ఇది ఆ చెట్లని చంపే రకమేనా అనడిగాను.
"తెలీదు. తెలిసేదాకా భయపడటమే నా ఉద్యోగం."
పురుగుని సారా వాసనొచ్చే సీసాలోకి ఒంపుకుని
పెట్టె ఖుద్దూసుకి తిరిగిచ్చేసింది.

ఆ రాత్రి లెక్క రాసుకున్నాను.
సంగడిగుంటలో మూడు తలుపులు.
కొరిటెపాడు ట్యూషన్లో బెంచీలు ఆరు.
ఆనందపేటలో ఉయ్యాల బల్ల.
శవపేటిక ఒకటి, దాన్ని తవ్వి అడగలేను.

ఇల్లిల్లూ తిరిగి తలుపులకి చెవి ఆనిస్తుంటే
"బాకీ ఏమన్నా ఉందా పోతులూరయ్యా?" అంటున్నారు.
ఉందనే చెబుతున్నాను.

ఖుద్దూసు వెంటొస్తాడు,
జేబులో ఖాళీ అగ్గిపెట్టె గలగలమనకుండా.
వాడి చెవి నాకన్నా చురుకు.
ఒక్కోసారి "ఇక్కడ" అని వేలు పెడతాడు.
నేను ఆనిస్తే
నా నాడే వినపడుతుంది.