నీలం చొక్కా బాకీ

పొద్దున పదకొండు. కగ్గదాసపుర, నాలుగో క్రాసు,
కానుగ చెట్టు కింద నా బండి.
బొగ్గులు అప్పుడే ఎర్రబడతా ఉండాయి.
మూడో అంతస్తు అస్సాం పిల్లోడి నీలం చొక్కా
వీపు పైకి పరిచి పెట్టె ఆనించినా.
ఫోను మోగింది.

"చెంగమ్మ గారేనా?"
తెలుగే. మా కుప్పం పక్క తెలుగు కాదు,
టీవీలో వార్తలు చదివే తెలుగు.
"మీ మీద ముప్పై ఎనిమిది వేల నాలుగు వందలు బాకీ ఉంది.
సాయంత్రం ఐదు లోపల కట్టకపోతే
పోలీసులు మీ ఇస్త్రీ బండి దగ్గరికే వస్తారు."

బండి సంగతి వాడికెట్ల తెలుసు?
మోకాళ్ళలోకి నీళ్ళు దిగినాయి.

నాకు అప్పులు కొత్త గాదు.
వారం వడ్డీ మారెప్ప బుల్లెట్టు చప్పుడు
వీధి మలుపులోనే గుర్తుపట్టేదాన్ని.
ముక్కుపొడి వాసన, చంకలో ఎర్ర అట్ట పుస్తకం.
తిట్టేవాడు. ఎదురుగా నిలబడి తిట్టేవాడు,
మా టీ తాగి మరీ తిట్టేవాడు.
సంఘం అప్పుకైతే మంగళవారం మీటింగు,
పదిమంది ఆడోళ్ళు, పది సంతకాలు,
ఒకరు ఎగ్గొడితే తొమ్మిది మొహాలు మాడేవి.
అప్పంటే అది. దానికో మొహముంటుంది, ఒక వారముంటుంది,
కట్టిన ప్రతిసారీ ఒక చీటీ ఉంటుంది.

వీడికి మొహం లేదు. గొంతుంది.
వెనకాల ఇంకా పది గొంతులు, చింతపండు మండీ మాదిరి.

"ఏ బ్యాంకు సామీ?"
"లీగల్ డిపార్ట్‌మెంట్ అని చెప్పాం కదమ్మా."
"ఏ బ్రాంచి?"
"ఎక్కువ మాట్లాడితే కేసు పెద్దదవుతుంది."
"కాగితం పంపండి, చదివించుకుంటా."
"కాగితాలకి టైము దాటిపోయింది. ఫోన్ పెట్టొద్దు.
ఎవరికీ చెప్పొద్దు. నంబరిస్తా, దానికి పంపండి."

ఎవరికీ చెప్పొద్దంట!
మారెప్ప వీధంతా వినేటట్టు అరిచేవాడు.
నిజం బాకీకి గుట్టెందుకు?

అప్పుడన్నాడు:
"మీ ఆయన మునిరత్నం గారే తీసుకున్నారు,
పోయిన ఆగస్టు పద్నాలుగున.
స్వయంగా వచ్చి సంతకం పెట్టారు."

ఈ సంగతి ఎవరికీ చెప్పలే.
ఆ మాటకు నేను భయపడలే.
కోపం కూడా రాలే, ముందు.
ఆగస్టు పద్నాలుగున మునిరత్నం
ఏదో ఆఫీసు మెట్లెక్కినాడు,
చెప్పులు బయట విడిచినాడు,
పెన్ను అడుక్కున్నాడు,
ఎడమచేత్తో, వంకర 'ము'తో సంతకం చేసినాడు.
అర నిమిషం.
అట్లనే నిలబడి చూస్తా ఉండిపోయినా.

బౌరింగ్ ఆసుపత్రిలో ఆయన పోయి
ఆ తేదీకి పదకొండు నెలలు.

వాసనొచ్చింది.
నీలం చొక్కా వీపు మీద
పడవ మాదిరి గోధుమరంగు మచ్చ.

"సామీ," అన్నా,
"ఆగస్టులో సంతకం తీసుకున్నారంటే
ఆయనుండే చోటు మీకు తెలుసన్నమాట.
బాకీ ఆడికే పోయి వసూలు చేసుకోండి.
చెంగమ్మ అడిగిందని చెప్పండి."

మళ్ళా మోగింది. తొమ్మిదిసార్లు. ఎత్తలే.

పూలమ్మే పుట్టలక్ష్మికి చెప్తే
గంప దించి కూలబడింది.
"పోయిన నెల నాకూ వచ్చిందక్కా.
నాలుగు వేలు పంపినా. ఇంట్లో తెలీదు."
బ్యాంకు పుస్తకం వెనకుండే నంబరుకు చేసినాం.
నా పేర్న ఏ బాకీ లేదంది ఆ అమ్మాయి.
రెండుసార్లు అడిగినా, రెండుసార్లూ చెప్పింది.
తర్వాత పుట్టలక్ష్మి కోసం ఒకటి తొమ్మిది మూడు సున్నా.
లైను దొరికేదాకా ఫోను భుజానికి అదిమిపెట్టి
మూరలు కొలుస్తానే ఉంది.
ఆ నాలుగు వేలు వస్తాయో రావో.

ఐదైంది. పోలీసులు రాలే.
అస్సాం పిల్లోడు వచ్చినాడు.
మచ్చ చూపించినా.
వచ్చీరాని కన్నడంలో పర్వాలేదన్నాడు.
"పర్వాలేదనొద్దు నాయనా,
ఈ పొద్దుకు నాకుండే బాకీ ఇదొక్కటే."

పుస్తకం తీసి రాసినా:
మూడో అంతస్తు. నీలం చొక్కా ఒకటి.
ఏడు వందలు. వారానికి వంద.
కింద నా సంతకం.