పోచయ్య నడుము

అమెరికాల ఆయన పేరేందో
డబ్బా మీద ఇంగిలీషుల ఉండేది. మాకు రాలే.
నల్లగొండ గడియారం కాడ
పోస్టరు అంటించిన పొద్దుకెల్లి ఆయన పోచయ్య.
కట్టంగూరుల కల్లు గీసే పోచయ్యకు
అచ్చం ఆ ముక్కే, ఆ పిల్లికండ్లే.

ఆదివారం పొద్దుగాల ఆట.
డబ్బాలు ఎన్ని ఊర్లు తిరిగి వచ్చేటియో,
ఆఖరుకు తీసింది ముందు, ముందు తీసింది ఆఖరుకు.
గట్ల, మేం మొదలు చూసిన్నాడే
పోచయ్య ముసలోడు.
నడుము కొడవలి లెక్క వంగి
మెడ తిప్పాలంటే మనిషంత తిరుగుడు.

నేలల కూసున్నోళ్లు నవ్వలే.
మర్రిగూడ దిక్కు మనిషొకాయన
బీడీ ఆర్పి మెల్లగ అన్నడు
"ఏ బోరు నీళ్లు తాగిండో, పాపం."

సౌండు సగం మాట, సగం గురగుర.
క్యాబిన్ కంతల మొకం పెట్టి జిలానీ మామ
పోచయ్య మాటలు తనే చెప్పేటోడు:
"బిడ్డా, లాంతరు జర దగ్గరికి తే,
నీ మొకం సుత కనబడ్తలేదు."
తెరమీద తెల్లపిల్ల ఏడ్సేది.
నేలంత ఏడ్సేది.
అసలు ఆయన ఏమన్నడో ఇయ్యాల్టికీ ఎరుక లేదు.

నేను రీలు ఎనకకు చుట్టే పోరన్ని.

రెండేండ్లకు ఇంకో డబ్బా.
పోచయ్యకు నలబై, గుర్రమెక్కిండు. ఈలలే ఈలలు.
ఆ తర్వాత ఇంకా పాతది.
రంగు పోయింది, గడ్డం పోయింది,
ఇరవై ఏండ్ల పిలగాడు
నిట్టనిలువుగ మెట్లు దిగిండు.

ఇంటికి ఉరికి అమ్మకు చెప్పిన.
పొయ్యి కాడికెల్లి లేవాలంటే
అమ్మకు అప్పటికే గోడ కావాలె.
"నడుము మంచిగైందా? నిజంగనా?"
"అయిందే."
"నీళ్లు మార్చిండు గావచ్చు" అన్నది.
నేను కాదనలే.

పోచయ్య సచ్చిపోయిండని
జిలానీ మామ ఉర్దూ పేపర్ల చదివిండు.
సినిమాలకు ముందు పదకొండేండ్లు నాటకాలట.
ఆ ముసలి వేషం ముందుగాల స్టేజీ మీదిదేనట.
అంగి లోపట కర్రబద్ద కట్టుకొని
వంగుడు నేర్చుకున్నడట,
ఆట ఒడవంగనే బద్ద విప్పి
చక్కగ నడుచుకుంట బువ్వకు పోయేటోడట.

విప్పొచ్చని నాకు అప్పుడే తెల్సింది.
అమ్మకు చెప్పలే.

తెగిన రీలు ముక్కొకటి మామ నాకిచ్చిండు.
కృష్ణ నీళ్లు మా గల్లీకి వచ్చిన ఏడు,
నల్లా కింద బిందె పెట్టి
అమ్మ ఆ ముక్కను ఎండకు పట్టి చూసింది.
మెడ లేవది గద, ముక్కనే దించుకుంట, ఎత్తుకుంట.
"ఇండ్ల ఇంకా వంగే ఉన్నడు గదరా?"

ఇది మొదటి సినిమాలది అమ్మా, అన్న.

అబద్ధం కాదు.
మాకు మొదటిదే.
బిందె నిండి పొర్లుతున్నది.