వాషర్

బొటనవేలంత రబ్బరు చుట్ట.
అది అరిగితే మూడిళ్లకు నీళ్లు లేవు.

దీవిలో ఉన్న ఒక్క ఇనప కొట్టువాడూ
దాన్ని కిటికీ వెలుతురుకి పట్టి చూసి
పెదవి విరిచాడు.
"ఈ సైజు హాప్సలులో అడగండి."

అంటే సముద్రం దాటాలి.
ఒక వాషర్ కోసం.

పొద్దున్నే మొదటి ఫెర్రీకి
నేనూ, పక్కింటి ఆరె.
ఆరెతో మాట కలపడమంటే
ఎండిన బావిలో చేద వేయడం.
పదమూడేళ్లుగా ఒకే బావి నీళ్లు తాగుతున్నాం,
"మంచు పడేట్టుంది"
"పడింది"
ఇంతకు మించి ఏమీ అనుకోలేదు.

మూడో ఇంటి లెయిలి జాబితా రాసిచ్చింది:
ఈస్టు, నల్ల దారం, పెద్దపిల్లకి మేజోళ్లు.
అడుగున రెండు గీతలు గీసి
"మధ్యాహ్నం పడవకే వచ్చేయాలి.
గిన్నెలన్నీ సింకులోనే ఉన్నాయి."

ఫెర్రీ మీద ఆరె రైలింగు పట్టుకు నిలబడ్డాడు.
బాతులు ఈదుతున్నాయో నడుస్తున్నాయో
తెలీనంత లోతులేని సముద్రం.
"చలికాలం ఇది గడ్డకట్టినప్పుడు
మా నాన్న దీని మీదే కారు నడిపేవాడు.
నేను తలుపు తెరిచి పట్టుకునేవాణ్ణి,
మంచు విరిగితే దూకడానికి."

అంత పొడుగు మాట
అతనిలో ఉందని నాకు తెలీదు.

కొట్టు మూసుంది.
తలుపుకి చీటీ: "మూడింటికి వస్తాను."
కింద ఎవరో పెన్సిల్‌తో రాశారు: "ఏ రోజు?"

లెయిలి ఫోన్లో నిట్టూర్చింది.
గిన్నెలు కూడా నిట్టూర్చినట్టే వినిపించింది.

ఈస్టూ దారమూ అరగంటలో అయిపోయాయి.
మేజోళ్లు రంగు తప్పు కొన్నాం.
ఇంకా పదిన్నరే.

రైళ్లు రావడం మానేసిన స్టేషనొకటి ఉందక్కడ.
ఎప్పటి రాజకుటుంబమో
వానలో తడవకుండా దిగాలని
ప్లాట్‌ఫారం పొడుగునా కప్పు వేశారట.
ఈ చివర నించి ఆ చివరకి నడిచాం.
ఆరె లెక్క రెండువందల ఎనభై ఒక్క అడుగులు.
నాది మూడొందల పద్నాలుగు.
"నువ్వు మధ్యలో లిలాక్ పువ్వుల కోసం పక్కకెళ్లావు,
అవి లెక్కలోకి రావు" అన్నాడు.
ఎందుకు రావు?
తేల్చుకోడానికి మళ్లీ వెనక్కి నడిచాం.

ఒడ్డున బల్ల మీద
పొగబెట్టిన చేపని కాయితంలోనే విప్పి
వేళ్లతో తిన్నాం.
తోకముక్క ఒక సముద్రపు కాకి ఎత్తుకుపోతే
ఆరె టోపీ తీసి దానికి వీడ్కోలు చెప్పాడు.
నవ్వు ఆపుకోలేక నాకు ముల్లు గుచ్చుకుంది.

తర్వాత కాఫీ.
కొట్టుకి సరిగ్గా ఎదురుగా ఉన్న హోటల్లో,
రూబార్బు కేకు చెరో ముక్క.
నేను వీధివైపు మొహం పెట్టి కూచున్నాను.
పన్నెండున్నరకి
స్వెటర్ వేసుకున్న ఒక మనిషొచ్చి
చీటీ పీకి జేబులో పెట్టుకుని
కొట్టు తలుపు బార్లా తీశాడు.

మధ్యాహ్నం పడవ ఇంకా ఉంది.
పరిగెత్తితే అందుతుంది.

నేను చెంచాతో కప్పులో లేని చక్కెర కలిపాను.
ఆరె వెనక గోడకి పెద్ద అద్దం,
నా వెనక గోడకీ ఒకటి.
ఆ అద్దంలో అతని కళ్లు
తెరిచిన తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి
మెల్లగా కేకు మీదికి దిగాయి.

"ఇంకో ముక్క తిందామా?" అన్నాడు.

మూడింటికి, గడియారం కొట్టాకే, వెళ్లాం.
"పన్నెండున్నర నించీ తీసే ఉంది" అన్నాడు కొట్టతను.
"అలాగా!" అన్నాం ఇద్దరం,
ఒకే గొంతుతో, మరీ గట్టిగా.

వాషర్ ఖరీదు కేకులో సగం కూడా లేదు.
"రెండు పట్టుకెళ్లండి,
మళ్లీ ఇంతదూరం రానక్కర్లేదు."

ఆరె చిల్లర లెక్కపెడుతూ
తల ఎత్తకుండా అన్నాడు:
"ఒక్కటి చాలు."

రాత్రి పంపు మూడుసార్లు దగ్గి
తుప్పు కక్కి, నీళ్లు వదిలింది.
లెయిలి చేతులు మోచేతుల దాకా సబ్బు నురగ.
"రోజంతా ఏం చేశారక్కడ?"

లెయిలి నోట్లో నువ్వుగింజ నానదు.

"కొట్టు మూసుంది" అన్నాడు ఆరె.
నేను మేజోళ్ల సంగతి ఎత్తాను.